ఫిరంగి దగ్గర నేర్చిన పని, పాల కేంద్రంలో

(ఆలూరులో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము వెన్న శాతం గురించి, బోనసు గురించి మాట్లాడబోవడం లేదు. సైన్యం నుంచి దిగి వచ్చిన మన ఊరి పిల్లలకు మన సంఘాలలో ఏ పని ఇవ్వగలమన్నది విషయం. అందులోనూ గగనతల రక్షణ దళంలో, అంటే విమానాల మీదికి ఫిరంగి ఎక్కుపెట్టే దళంలో, పనిచేసి వచ్చిన వారి గురించి చెప్పదలిచాం. వారి గురించే ఎందుకంటే, మా చేతి మీదుగా ఒక తప్పు జరిగింది. ముందు అది చెప్పేస్తాం.

కొన్నేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల ఒక సంఘానికి టెస్టరు కావలసి వచ్చింది. నాలుగు అర్జీలు వచ్చాయి. వాటిలో ఒకటి, పదిహేడేళ్ళు పనిచేసి హవల్దారుగా దిగి వచ్చిన అతనిది. అందులో ఉన్నది రెండే ముక్కలు: "ఎల్-70 గన్ మీద 17 సంవత్సరములు పనిచేసినాను. ఏ పని ఇచ్చినా చేయగలను." పాలకవర్గంలో ఒక పెద్దాయన, "ఫిరంగి పేల్చినాయనకు పాలతో ఏం పనప్పా, కావాలంటే గేటు కాడ వాచ్‌మన్‌గా పెట్టుకుందాం" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. అర్జీ పక్కకు పోయింది. ఇంటర్ చదివిన ఒక అబ్బాయిని తీసుకున్నారు. హవల్దారు ఒక పెట్రోలు బంకులో రాత్రి కాపలాకు చేరాడు.

ఆ వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. బల్క్ కూలరుకు జనరేటరు ఉంది గానీ అది స్టార్ట్ కాలేదు. మెకానిక్ ఆదోని నుంచి రావాలి, ఆయన వచ్చేసరికి మరుసటి మధ్యాహ్నం అవుతుంది. ఎవరో పోయి బంకు నుంచి హవల్దారును పిలుచుకొచ్చారు. అతను టార్చి వేసి చూశాడు. డీజిల్ గొట్టంలో గాలి చేరింది. స్క్రూ వదులు చేసి గాలి తీసి, బ్యాటరీ కొనలు గీకి బిగించాడు. అరగంటలో జనరేటరు నడిచింది. కానీ అప్పటికే ఆలస్యమయింది, ఆ ట్యాంకు పాలు విరిగాయి. పోసినవాళ్ళ కష్టం కాలువ పాలయింది.

పొద్దున మేము తనిఖీకి వెళ్ళేసరికి అతను ఇంకా అక్కడే ఉన్నాడు. మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగాడు. "సార్, దీని లాగ్ బుక్ ఏది? దీన్ని చివరిసారి ఎప్పుడు నడిపి చూశారు?" అటువంటి పుస్తకమే లేదు. డిప్లొమా చదివిన మాకు క్యాష్ బుక్కు తెలుసు, స్టాకు రిజిస్టరు తెలుసు. యంత్రానికీ ఒక పుస్తకం ఉండాలని ఏ తనిఖీలోనూ మేము అడగలేదు.

ఆ సాయంత్రం వేపచెట్టు కింద అతని పక్కన కూర్చుని, పదిహేడేళ్ళు అక్కడ ఏం చేశావప్పా అని అడిగాం. "గన్ డ్యూటీ సార్" అన్నాడు. అట్లా కాదు, పొద్దున లేచింది మొదలు వరసగా చెప్పమన్నాం. అతను చెబుతూ పోయాడు, మేము రాసుకున్నాం. రెండు కాగితాలు నిండాయి.

ఎల్-70 అనేది స్వీడన్ దేశంలోని బోఫోర్స్ కంపెనీ రూపొందించిన 40 మిల్లీమీటర్ల ఫిరంగి. మన సైన్యానికి 1960లలో వచ్చింది. 1971 యుద్ధంలో పనిచేసింది. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజులలో సరిహద్దు దాటి వచ్చిన డ్రోన్లను కూల్చిన వాటిలో ఇదీ ఉంది. అరవై ఏళ్ళ నాటి నమూనా అది. కొత్త రాడార్లు, కొత్త కెమెరాలు అమర్చారన్నది నిజమే గానీ, ఇనుము ఇన్నేళ్ళు నిలిచింది దాన్ని రోజూ తుడిచి, నూనె వేసి, సరిచూసిన చేతుల వల్లనే.

పేల్చడం అనేది ఏడాదిలో కొద్ది రోజుల మాట. మిగిలిన రోజులలో ఏం చేస్తారు? ఫిరంగి తిరగడానికి కరెంటు కావాలి, దానికొక జనరేటరు. రాడార్‌కు ఇంకొకటి. పొద్దున్నే నూనె, నీళ్ళు, బ్యాటరీ చూసి, నడిపి చూసి, ఎంతసేపు నడిచిందో రాసి సంతకం పెట్టాలి. రాడార్ చూపే దిక్కు, ఫిరంగి చూపే దిక్కు ఒకటేనా అని సరిచూడాలి. తేడా ఉంటే అది పోయేదాకా "సిద్ధం" అని పైకి చెప్పకూడదు. రాత్రి వంతులవారీగా తెర ముందు కూర్చోవాలి. ఏమీ రాని రాత్రి, ఏమీ రాలేదని రాయాలి. తెర మీద ఏదైనా కనబడితే అది మన విమానమా, పరాయిదా అని ముందు తేల్చుకోవాలి. తేలేదాకా వేలు కదలకూడదు.

ఇప్పుడు మీ పాల కేంద్రాన్ని తలచుకోండి. పొదుగు నుంచి వచ్చిన పాలు వేడిగా ఉంటాయి, కొద్ది గంటలలో 4 డిగ్రీలకు దిగాలి. దానికి జనరేటరు సిద్ధంగా ఉండాలి. ఇక పరీక్ష యంత్రం. అది సరిగ్గా చూపుతున్నదా అని గెర్బర్ పద్ధతిలో, 10 మిల్లీలీటర్ల ఆసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ వేసి తిప్పి, అప్పుడప్పుడు పోల్చి చూడాలి. ఎన్ని సంఘాలలో చూస్తున్నారు? రోజుకు 300 లీటర్లు వచ్చే సంఘంలో యంత్రం 0.2 శాతం తక్కువ చూపితే, రోజుకు సుమారు 600 గ్రాముల వెన్న లెక్కలోకి రాదు. నెలకు 18 కిలోలు. టెస్టరు దొంగ అని మీరు తగవు పడతారు. ఆ పిల్లవాడు దొంగ కాదు, యంత్రాన్ని సరిచూడాలని అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆ రెండు కాగితాలనే కొత్త అర్జీగా రాయించాం. గన్ అన్న మాట ఒక్కసారే వచ్చింది. జనరేటరు నడపడం, బాగుచేయడం; కొలిచే పరికరాలను రోజూ సరిచూడడం; రాత్రి కాపు పుస్తకం రాయడం; ఆరుగురి చేత పని చేయించడం; సామాను లెక్క అప్పజెప్పడం; కొత్తవారికి నేర్పడం. ఇవి వచ్చాయి. యూనిట్ ఎక్కడ ఉండేది, ఏ ఆయుధం ఎక్కడ పెట్టారు అన్నవి రాయలేదు. రాయకూడదు కూడా. ఇదివరకు నవ్విన పాలకవర్గమే ఈసారి కాగితం చదివి తీర్మానం చేసింది.

అంతా సాఫీగా జరిగిందని మేము చెప్పం. మొదటి నెలలో రోజూ గొడవే. "లైన్‌లో నిలబడండి" అని గట్టిగా అరిచేవాడు. ఒక అవ్వ క్యాను కింద పెట్టి, "ఏమప్పా, మేము పాలు పోసేటోళ్ళమా, ఖైదీలమా?" అని అడిగింది. ఇక్కడ ఆయనకు జీతం ఇచ్చేది ఆ అవ్వే అని మేము విడిగా కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది. పదిహేడేళ్ళు ఎనుము మొహం చూడనివాడు గనుక పొదుగు వాపు వచ్చిన పాలు గుర్తుపట్టడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. అయితే ఒకరోజు అధ్యక్షుల ఇంటి క్యాను పుల్లబడితే, దాన్నీ అందరి క్యాను లాగే వెనక్కి పంపాడు. ఆ తరువాత లైనులో నిలబడమని అరవవలసిన అవసరం పడలేదు.

పాలకూ సిపాయికీ సంబంధం కొత్తది కాదు. ఆపరేషన్ ఫ్లడ్ కింద 1974లో ఢిల్లీలో మదర్ డెయిరీ పెట్టారు. దాని పాల బూతులను నడిపినవారిలో మాజీ సైనికులు ఎందరో ఉన్నారు. రక్షణ శాఖ కింది పునరావాస డైరెక్టరేటు ద్వారా వారికి ఆ బూతులు ఇచ్చారు. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరి వైపు మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, అంతమంది అక్కడి నుంచి సైన్యంలోకి పోయారు. మన పక్క అంత పేరు లేదు గానీ, వాన లేక బుడ్డల పంట పోయిన ఏడు సుగ్గికి పోయే ఇళ్ళలో, గుంటూరు భర్తీకి పరుగెత్తే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు.

వారికి ఉన్న దారులు కొన్ని చెబుతాం. దిగి వచ్చినవారు కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. రాష్ట్ర ఉద్యోగాలలో మాజీ సైనికులకు 2 శాతం, కేంద్రంలో గ్రూప్ సి కొలువులలో 10 శాతం కేటాయింపు ఉంది. పదో తరగతి పాసై 15 ఏళ్ళు సర్వీసు చేసినవారిని, సాంకేతిక అనుభవం అవసరం లేని కొన్ని గ్రూప్ సి కొలువులకు డిగ్రీ ఉన్నవారితో సమానంగా చూస్తారు. ఈ సంగతి తెలియక అర్జీయే పెట్టనివారిని మేము చూశాం. డిశ్చార్జి పుస్తకంలో రాసిన ట్రేడు పేరు చూసి బయటి ఆఫీసు వారికి ఏమీ అర్థం కాదు. ఆ పేరు వెనక ఉన్న పనిని విడమరిచి రాయవలసింది అర్జీదారుడే.

మన జిల్లా సంగతి కూడా వినండి. 2025 ఏప్రిల్ 13న కర్నూలులోని డి.ఆర్.డి.ఓ. పరీక్షా క్షేత్రంలో లేజరు కిరణంతో డ్రోన్లను కూల్చి చూపించారు. ఓర్వకల్లు దగ్గర 300 ఎకరాలలో డ్రోన్ల కేంద్రం పెడతామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఆకాశ్ క్షిపణిని తయారు చేసేది హైదరాబాదులోని భారత్ డైనమిక్స్. రాడార్ తెర చదవడం వచ్చినవాడు ఇటువంటి చోట్లకు అర్జీ పెట్టకుండా బంకు కాడ కర్ర పట్టుకుని కూర్చోవడం మాకు మింగుడు పడదు.

ఇక అగ్నివీరులు. వీరి సంగతే మాకు ఎక్కువ దిగులు. 2022లో వచ్చిన ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్ళే. నూటికి 25 మందిని మించి ఉంచుకోరని నిబంధన. మిగిలినవారికి సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవా నిధి ఇస్తారు, పింఛను లేదు. సైన్యంలో మొదటి జట్టు శిక్షణ మొదలైనది 2023 జనవరి ప్రాంతంలో. నాలుగేళ్ళు లెక్క వేసుకోండి. పదిహేడేళ్ళు చేసి వచ్చిన హవల్దారుకు పింఛను ఉంది, మీరిచ్చే జీతం తక్కువైనా ఇల్లు గడుస్తుంది. (పింఛను ఉంది కదా అని జీతం తగ్గించడం మాత్రం తప్పు. పనికే జీతం.) ఇరవై రెండేళ్ళకు దిగే అగ్నివీరుడికి ఆ ఆసరా లేదు.

ఆ డబ్బు చేతికి రాగానే డెయిరీ పెడతానని ఒకేసారి పది ముర్రా ఎనుములను తోలుకొస్తానంటాడు. ఇంట్లో పెద్దలు ఒప్పుకోవద్దు. ఒక పాడి ఎనుముకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత, దాని మీద ఎండు చొప్ప కావాలి. ఈ ఎండ నేలలో పదింటికి పచ్చిమేత ఎక్కడి నుంచి తెస్తాడు? ముందు బోరులో నీళ్ళు ఎంతో చూసుకుని, మేత వేసుకుని, రెండింటితో మొదలు పెట్టమనండి. అవి ఈని, పాల లెక్క ఒక ఏడాది పుస్తకంలో కనబడ్డాక మూడోది. పుస్తకం రాయడం అతనికి వచ్చే ఉంటుంది.

వచ్చే నెల తనిఖీకి వచ్చినప్పుడు ప్రతి సంఘంలో రెండు అడుగుతాం. ఒకటి జనరేటరు లాగ్ బుక్. రెండోది, మీ ఊరి నుంచి సైన్యానికి పోయినవారి పేర్లు, వారు ఎప్పుడు దిగి వస్తారన్నది. అర్జీ రాయడం రానివారు సాయంత్రం పాలు పోశాక డిశ్చార్జి పుస్తకం తీసుకుని మా దగ్గరికి రావచ్చు. చెప్పేది ఓపికగా చెబితే మేము రాసుకుంటాం. కాగితాలు మేమే తెస్తాం.