విశ్వనాథవారి 24 నవలలు: చెవితో చదువదగిన చరిత్ర



విశ్వనాథ సత్యనారాయణగారి (1895–1976) పేరు చెప్పగానే 'శ్రీమద్రామాయణ కల్పవృక్షము', దానికి లభించిన 1970 జ్ఞానపీఠ పురస్కారం, 'వేయిపడగలు' స్ఫురిస్తాయి. ఆయన రచించిన మూడు నవలామాలికలను గురించి మాత్రం మన ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ. 'పురాణవైర గ్రంథమాల'లో 12, నేపాళ రాజవంశ చరిత్రలో 6, కాశ్మీర రాజవంశ చరిత్రలో 6, వెరసి 24 నవలలు.

ఇవి చరిత్రా, కట్టుకథలా అని నన్ను చాలామంది అడిగారు. మొహమాటం లేకుండా చెబుతాను. విశ్వనాథవారు కోట వెంకటాచలంగారి కాలనిర్ణయాన్ని అనుసరించారు. దాని ప్రకారం అలెగ్జాండరు దండయాత్రనాటి చంద్రగుప్తుడు గుప్తవంశీయుడు. మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534 నాటివాడు. చరిత్రకారులు దీనిని అంగీకరించలేదు. అందుకు బలమైన సాక్ష్యం మనకు దూరాన లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద అశోకుని పదమూడవ శాసనం ఉన్నది. అందులో ఆయన పేర్కొన్న అయిదుగురు యవనరాజులు క్రీ.పూ. మూడవ శతాబ్దివారు. రాయచూరు జిల్లా మస్కిలో 1915లో దొరికిన శాసనం అశోకుని పేరునే స్పష్టంగా చెప్పింది. రాయచూరు నుండి వచ్చిన మిత్రులు ఆ బండను చూసే ఉంటారు. కనుక పిల్లలు పరీక్షలో వ్రాయవలసిన తేదీలకు ఈ నవలలు ఆధారం కావు. వర్ణధర్మాన్ని గురించి ఆయన వాదించిన తీరు కూడ నాకు సమ్మతం కాదు.

అయినా వీటిని చదవమని కోరుతున్నాను.

ఈ నవలల్లో రాజుల పక్కనే మంత్రశక్తి, పునర్జన్మ, దైవసంకల్పం నడుస్తాయి. అవి వింతకోసం అతికించినవి కావు. పురాణం కాలాన్ని ఎట్లా చూస్తుందో ఆయన అట్లాగే చూశారు: ఒక తరంలో తీరని పగ మరొక తరంలో మరొక దేహంతో వస్తుంది. మన అవ్వలు రాత్రిపూట చెప్పిన కథల్లోని లోకమూ ఇదే కదా! దానిని ఆయన మగధ సింహాసనం దాకా తీసుకొనిపోయారు.

ఇక భాష. పురాణవైరంలోని పేర్లు చూడండి: 'నాస్తిక ధూమము', 'ధూమరేఖ', 'అశ్వమేధము'. గంభీరమైన సంస్కృతం. నేపాళానికి వచ్చేసరికి 'దిండు క్రింది పోకచెక్క', 'దంతపు దువ్వెన', 'చిట్లీ చిట్లని గాజులు'. రాజవంశ చరిత్రకు పోకచెక్క పేరు పెట్టగల ధైర్యం ఎంతమందికి ఉంటుంది? హోసూరు వైపు పిల్లలకు 'పాక్కు' తెలుసు, కన్నడ సీమలోని పిల్లలకు 'అడికె' తెలుసు. పోక అంటే కొందరు తెల్లబోతారు. తప్పు వారిది కాదు, ఆ మాట ఇంట్లో వినబడడం మానివేసింది. 'పులిమ్రుగ్గు' అన్న పేరు విని నవ్వే పిల్లలకు, మన వాకిట్లోని ముగ్గుకు అది పాతరూపమని చెప్పండి. మ్రాను మానైనట్లే మ్రుగ్గు ముగ్గైనది.

మా పిల్లలకు తెలుగు వస్తుంది గాని అక్షరాలు రావు, ఈ పుస్తకాలు ఎట్లా చదువుతారని తల్లులు అడుగుతారు. విశ్వనాథవారు తమ నవలలను చాలావరకు స్వహస్తాలతో వ్రాయలేదు. ఆయన చెబుతూ ఉంటే లేఖకులు వ్రాసుకున్నారు. అందుచేతనే ఆ వాక్యాల్లో ఎదుట కూర్చున్న మనిషితో మాట్లాడే నడక ఉంటుంది. కథ మధ్యలో ఆగి వాదానికి దిగడం, మళ్లీ దారికి రావడం ఉంటుంది. కంటికి ఒక్కొక్కప్పుడు విసుగనిపించే ఆ సాగదీత చెవికి హాయిగా ఉంటుంది. అక్షరం వచ్చిన పెద్దలొకరు రోజుకు నాలుగు పుటలు బిగ్గరగా చదివితే చాలును, రాని పిల్లలు వింటారు. తెలియని మాట దగ్గర ఆపి అడగనివ్వండి.

వరుసలో మొదటిదని 'భగవంతునిమీది పగ'తోనే ఆరంభించనక్కరలేదు. కొత్తవారికి అది కొంత బరువు. నేపాళ మాలికతో మొదలుపెట్టండి. మధుర ప్రాంతంవారికి మాత్రం వేరొక మాట చెబుతాను. ఈ 24లో చేరకపోయినా, ఆయన 'ఏకవీర' మధుర నాయకరాజుల కాలపు కథ. 1969లో చలనచిత్రంగా కూడ వచ్చింది. మీ ఊరి పేరు మొదటి పుటల్లోనే వినబడితే పిల్లలు కదలకుండా కూర్చుంటారు. ఆ తరువాత నేపాళమైనా, కాశ్మీరమైనా మీవెంట వస్తారు.