జీతం బిల్లులో కనిపించిన మధ్యతరగతి



దేశంలో మధ్యతరగతి పెరిగిందని పత్రికలు రాస్తున్నాయి. మన భద్రాచలం ఏజెన్సీలో అది ఎలా పెరిగిందో ట్రెజరీ గుమాస్తాగా నేను కొంత చూశాను. 1965లో గోదావరిపై వంతెన వచ్చింది. తరువాత సారపాకలో కాగితపు మిల్లు, అశ్వాపురం వద్ద భారజల కర్మాగారం వచ్చాయి. ఊళ్ళు పెరిగాయి, లాడ్జీలు పెరిగాయి. కోయ గూడేలకు మాత్రం, నేను చూసినంతలో, నెలజీతం బడిపంతులు ఉద్యోగంతోనే చేరింది.

10-1-2000 నాటి జి.ఓ. నం. 3 షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. ఆ బిల్లులు నా బల్ల మీదికొచ్చేవి. మొదట్లో కటింగుల గడులు దాదాపు ఖాళీ. రెండు మూడేళ్ళకు ఎల్.ఐ.సి. ప్రీమియం, పండుగ అడ్వాన్సు, జి.పి.ఎఫ్.లో అదనపు చందా! తిండికి పోను రేపటికింత దాచగలిగితేనే కదా మధ్యతరగతి. (మన కటింగులు పోను ఇంటికెంత చేరేదో మన ఇల్లాళ్ళనడగాలి.)

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జి.ఓ.ను కొట్టివేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు షరతులతో నిలిచాయి. ఏజెన్సీలోని గిరిజనేతర నిరుద్యోగుల బాధ కూడా బాధే, కాదనను. అయితే పట్నం కోచింగుకు డబ్బు కట్టలేని గూడెం పిల్ల ఇక అందరితో పోటీపడాలి.

మనలో రిటైరైన లెక్కల మాస్టర్లు, తెలుగు పండితులు ఉన్నారు. ఆదివారాలు డి.ఎస్.సి. పాఠాలు చెప్పగలవారు కార్యదర్శి గారికి పేర్లివ్వండి. హాజరుపట్టీ నేను రాస్తాను.