నాలుగో పేజీ దాకా వచ్చిన పిల్లను మళ్లీ మొదటికి పంపకండి
(హనుమకొండలో ఆదివాసీ విద్యార్థులతో మాట్లాడిన మాటలు)



మీలో కొందరు కోడింగ్ నేర్చుకుంటున్నరు. రేపు దరఖాస్తు ఫారాలు తయారుచేసేది మీరే కావచ్చు. అందుకే ఇప్పుడే చెప్తున్న. మనిషి కష్టపడి నింపినదాన్ని పారేసే హక్కు మీ కోడ్‌కు లేదు.

స్కాలర్‌షిప్ ఫారమే తీసుకోండి. ఆధార్ ఒక పేజీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇంకో పేజీ, తర్వాత కాలేజీ, ఆఖరికి బ్యాంకు. తాడ్వాయి, మంగపేట దిక్కు పిల్ల బస్సెక్కి నెట్ సెంటరుకొచ్చి నాలుగో పేజీ దాకా పోతది. అక్కడ ఐఎఫ్ఎస్‌సీ తప్పంటది. దిద్ది నొక్కితే మొదటి పేజీ వస్తది, ఖాళీగా. గడువు ఆ రోజే అయితే ఆ ఏడాది ఫీజు ఎవరు కట్టాలె?

హెచ్‌టీటీపీకి జ్ఞాపకం ఉండదు. మొదటి పేజీ పంపినోళ్లే రెండోది పంపిన్రని సర్వర్‌కు తనంతట తనకు తెల్వదు. అందుకే సెషన్ పెడతం. కానీ పీహెచ్‌పీలో మనం మార్చకుంటే 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు కదలిక లేని సెషన్‌ను చెరిపేయొచ్చు. జిరాక్స్ షాపు కాడ లైనే అంతసేపుంటది! కాబట్టి ఒక్కో పేజీ నింపగానే డేటాబేస్‌లో డ్రాఫ్ట్‌గా దాచి, ఒక నంబరివ్వండి. రేపైనా అక్కడి నుంచే మొదలుపెట్టుకుంటరు.

బ్రౌజర్‌లో పెట్టిన తనిఖీని ఎవరైనా దాటేయొచ్చు, అందుకే సర్వర్‌లో తనిఖీ తప్పనిసరి. అయితే తప్పు దొరికితే అదే పేజీని, రాసినవన్నీ అట్లనే ఉంచి తిరిగియ్యాలె. తప్పులన్నీ ఒకేసారి, ఆ గడి పక్కనే, తెలుగులో చెప్పాలె. ఫైళ్ల సంగతి వేరు. భద్రత కోసం బ్రౌజర్ ఆ గడిని మళ్లీ నింపనియ్యదు. సరిగ్గా ఉన్న ఫైలును సర్వర్ ముందే దాచుకోకపోతే, ఎక్కడో ఒక అంకె తప్పు పోయినందుకు స్కాన్లన్నీ మళ్లీ ఎక్కియ్యాలె.

అసలు తప్పంటే ఏందో కూడా ఆలోచించాలె. కార్డు మీద ఆధార్‌ను నాలుగేసి అంకెలుగా విడగొట్టి ముద్రిస్తరు. చూసి అట్లనే కొడితే తప్పెట్లయితది? ఖాళీలు మీ కోడే తీసెయ్యాలె. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలుంటయి, ఐదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లిష్ 'ఓ' కొడితే 'ఐదోది సున్నా ఉండాలి' అని చెప్పండి, 'చెల్లదు' అని ఊరుకోకండి. ఇగ డోర్ నంబర్ తప్పనిసరి అని పెట్టినోళ్లు మన గూడేలు చూసిండరా?

ఆఖరి బటన్ నొక్కినప్పుడు అన్ని పేజీలనూ మరోసారి తనిఖీ చెయ్యాలె, ఎందుకంటే వెనక్కి పోయి మార్చినోళ్లుంటరు. జాంగో ఫారమ్ విజార్డ్ ఈ పని చేస్తది, తప్పున్న మెట్టుకే తీస్కపోతది. దరఖాస్తు దాచిన వెంటనే వేరే పేజీకి మళ్లించండి. లేకుంటే రిఫ్రెష్ కొట్టినప్పుడు రెండో దరఖాస్తు పోతది.

ఇవన్నీ చేసినంక ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి. ఏటూరునాగారం బస్సెక్కి, అడివిలో సిగ్నల్ పోయే చోట ఫోన్‌లో మీ ఫారం మీరే నింపి చూడండి.