అడగకుండా పంపిన సైన్యం

పట్టాలు అందుకున్న పిల్లలారా, మీ కాలేజీ పుట్టిన ఏడాదితో మొదలుపెడతాను.

1916లో దత్తమండలాల కళాశాలగా ఇది అనంతపురంలో వెలిసింది. మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్న అదే ఏడాది ఏప్రిల్ 29న ఇరాక్‌లోని కూట్ పట్టణంలో, దాదాపు అయిదు నెలలు ముట్టడిలో ఆకలికి మాడిన బ్రిటిష్ ఇండియా సేన తుర్కులకు లొంగిపోయింది. లొంగినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లు ఎవరి యుద్ధం చేశారు? ఎవరు పంపితే వెళ్లారు?

రెండో ప్రపంచయుద్ధంలో ఈ ప్రశ్న ఇంకా సూటిగా నిలబడింది. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. కెనడా డొమినియన్ కాబట్టి పార్లమెంటును సమావేశపరిచి, చర్చించి, 10వ తేదీన తన ప్రకటన తాను చేసుకుంది. దక్షిణాఫ్రికా పార్లమెంటులో యుద్ధానికి అనుకూలంగా 80, వ్యతిరేకంగా 67 ఓట్లు పడి ప్రధానమంత్రే మారిపోయాడు. ఐర్లండ్ అసలు చేరనే లేదు. మన దేశానికి ఆ హోదా లేదు. వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక్క ప్రకటనతో కోట్లమందిని యుద్ధంలోకి దించాడు. మన నాయకులను ఒక్క మాట అడగలేదు. ఆ అవమానానికి మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరులో రాజీనామా చేసింది.

అయినా నిర్బంధ భర్తీ లేకుండానే 25 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. ఎరిత్రియాలోని కెరెన్‌లో, ఇటలీలోని కసినోలో, నాగా కొండల్లోని కోహిమాలో పోరాడారు. సుమారు 87 వేల మంది తిరిగి రాలేదు.

దక్షిణాది కథలో నన్ను కలచివేసేది మరొకటుంది. 1880లలో మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్, ఇక్కడివాళ్లు పోరుకు పనికిరారని తేల్చేశాడు. 'యుద్ధ జాతుల' సిద్ధాంతం బలపడి, మద్రాసు పదాతి పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చాక వాటిని మళ్లీ నిలబెట్టారు. ఆ యుద్ధం మన తీరం దాకా వచ్చింది: 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదే బాంబులు పడ్డాయి. పనికిరారన్న మద్రాసీలలో ఒకడు, మద్రాస్ సాపర్స్‌కు చెందిన సుబేదార్ సుబ్రమణియన్, 1944 ఫిబ్రవరిలో ఇటలీలో పేలబోతున్న మందుపాతర మీద పడుకుని తోటివాళ్లను కాపాడాడు. చనిపోయాక జార్జ్ క్రాస్ ఇచ్చారు.

ఆ సంవత్సరాల్లోనే, ఈ కాలేజీలో చదువు మధ్యలో వదిలి స్వాతంత్ర్య ఉద్యమంలోకి దూకిన ఇల్లూరు బిడ్డ నీలం సంజీవరెడ్డి గారు, ప్రకాశం, కామరాజ్ లాంటివారితో పాటు అమరావతి జైల్లో ఉన్నారు. ఇప్పటి మహారాష్ట్రలోని అమరావతి అది. జైలుకెళ్లినవాడే దేశభక్తుడు, పటాలంలో చేరినవాడు తెల్లవాడి కూలీ అనే తీర్పును నేను ఒప్పుకోను. వాన తప్పితే పొయ్యి వెలగని మెట్ట ఊళ్లలో నెలనెలా వచ్చే జీతం విలువ మీకు ఒకరు చెప్పాలా? ఆ ఇద్దరినీ అడగకుండానే ఆ యుద్ధం వాళ్ల నెత్తిన పడింది.

పటాలంలో చేరి పోయినవాళ్లకు పేరైనా మిగల్లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయినవారి కోసం కట్టిన ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలు వేలమందిని అంకెలుగా వదిలేశారు. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఈ వివక్షకు క్షమాపణ చెప్పింది. ఆ పేర్లు వెదికే పని మిగిలే ఉంది. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అవ్వలను, తాతలను కదిలించండి. 'మిలిట్రీ ఆయన' అని ఎవరిని పిలిచేవారో అడగండి. ఆయన అసలు పేరు, తండ్రి పేరు, పటాలం నంబరు రాసుకోండి. ట్రంకుపెట్టెలో డిశ్చార్జి కాగితం ఉంటే ఫోటో తీసి మీ చరిత్ర శాఖకు పంపండి.