అంతఃశత్రువు జాడ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)

  

వెలుపలినుండి ముట్టడించు శత్రువునుండి కోటను కాపాడుట కష్టమే. కాని శత్రువు కోటలోపలనే కాపురముండి, కావలివాడెప్పుడు నిదురించునాయని కాచుకొనియుండునెడల, దానిని కాపాడుట అంతకంటెను కష్టము. నేటి ప్రసంగవిషయము అట్టి అంతఃశత్రువును గూర్చినది. పరుల అవయవమును గ్రహించి పునర్జన్మమెత్తినవారి దేహములందు వైరసు అను సూక్ష్మ విషము ఎట్లు మేల్కొనును? దానిని ప్రయోగశాలయందు ఎట్లు కనిపెట్టుదురు? కనిపెట్టుటయం దాలస్యమైనచో వచ్చు నష్టమేమి? ఇవి పట్టణవాసులకు మాత్రమే కావలసిన సంగతులు కావు. తల్లి యిచ్చిన మూత్రపిండముతో పొలముపనులు చూచుకొనుచున్నవారు నేడు పల్లెలయందును గలరు. వారు మాటిమాటికి నగరమున కేగి నెత్తురిచ్చి వచ్చుట యెందులకో ఇరుగుపొరుగు వారెరుంగుట మేలు.

మొదట వైరసన నేమి? 1892వ సంవత్సరమున రష్యాదేశీయుడగు ఇవనోవ్‌స్కీ తెగులు పట్టిన పొగాకు ఆకుల రసమును బాక్టీరియాలను ఆపగల పింగాణివడపోతనుండి వడగట్టెను. ఆ తేటరసమును పూసినను మంచి ఆకులకు తెగులు సోకెను. 1898లో హాలెండు దేశపు బైజరింక్ దీనినే మరల పరీక్షించి, ఇది బాక్టీరియా కాదు, మరియొక జాతి యని చాటెను. వైరసనగా లాటిను భాషయందు విషమని యర్థము. ఇది తనంతట తాను వృద్ధిపొందలేదు. జీవకణములోనికి జొరబడి, ఆ యింటి పాత్రలతోనే తన వంట వండుకొని, తన సంతతిని వేలకొలది పెంచును. ఇంటి యజమానుడు నశించును. అతిథి పొరుగింటికి పోవును.

ఇక అవయవముల మార్పిడి. 1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున జోసెఫ్ మరే యను శస్త్రవైద్యుడు ఒక సోదరుని మూత్రపిండమును అతని కవలసోదరునకు అమర్చి కృతార్థుడయ్యెను. వా రిరువురును ఒక్క పిండమునుండి పుట్టిన కవలలగుటచే దేహము దానిని పరాయిదిగా నెంచలేదు. తక్కినవారి విషయమున నట్లు కాదు. దేహమందలి కావలి సైన్యము క్రొత్త అవయవమును శత్రువని భావించి దానిపై దండెత్తును. ఆ సైన్యమును శాంతింపజేయుటకు మొదట అజాథయోప్రిన్, పిమ్మట 1983లో అమెరికా ప్రభుత్వ అనుమతి నందిన సైక్లోస్పోరిన్ మున్నగు మందులు వచ్చినవి. మనదేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు మూత్రపిండ మార్పిడి ఫలించెను. కాని కావలివానికి మత్తు పెట్టినచో చుట్టము లోనికి వచ్చుటయే గాక దొంగయు లేచునుగదా!

ఆ దొంగలలో పేరుమోసినది సైటోమెగాలో వైరసు. 1956, 57 సంవత్సరములందు అమెరికాయందు మార్గరెట్ స్మిత్, వాలెస్ రో, టామస్ వెల్లర్ అనువారు దీనిని వేర్వేరుగా పెంచి చూపిరి. ఇది పట్టిన కణము ఉబ్బి పెద్దదగును. దాని నడుమ గుడ్లగూబ కన్నువంటి మచ్చ కానవచ్చును. పెక్కుమందికి ఇది బాల్యముననే సోకి, స్వల్పజ్వరమువలె వచ్చిపోయి, జీవితాంతము దేహమున నిద్రాణమై యుండును. ఆరోగ్యవంతునకు దీనివలన చిక్కు లేదు. అవయవము పొందిన వానికో, ఇది ఊపిరితిత్తులను, ప్రేగులను, కాలేయమును, కన్నులను చెరుపగలదు.

పరీక్షిన్మహారాజు కథ యెరుగనివారు లేరు. ఒంటిస్తంభపు మేడ కట్టించి, వైద్యులను కావలియుంచినను తక్షకుడు ఫలములోని పురుగై లోనికి వచ్చెను. దాత దేహమున వైరసుండి, పుచ్చుకొనువాని దేహమున అది మున్నెన్నడు లేనిచో, అమృతఫలమువంటి అవయవముతోబాటు ఆ పురుగును వచ్చును. పుచ్చుకొనువానికి పూర్వపరిచయము లేమిచే ప్రమాదము మిక్కిలి హెచ్చు. అందుచేతనే శస్త్రచికిత్సకు ముందుగా ఇరువురి నెత్తురును పరీక్షింతురు.

ఇచ్చట అసలు చిక్కొకటి గలదు. మూత్రపిండము పొందిన వానికి కొన్ని మాసములకు నెత్తురులో క్రియాటినిన్ పెరిగినదనుకొందము. అనగా అవయవము సరిగా పనిచేయుటలేదు. కారణము దేహము దానిని త్రోసిపుచ్చుటయైన, కావలిని మత్తుపెట్టు మందును హెచ్చింపవలెను. కారణము బీకే వైరసైనచో, అదే మందును తగ్గింపవలెను. రోగలక్షణములు రెండింట నొక్కటియే; చికిత్సలు మాత్రము తూర్పు పడమరలు. ఒకదానికి బదులు మరియొకటి చేసినచో తల్లి యిచ్చిన అవయవము నేలపాలగును. ఈ బీకే వైరసును 1971లో లండనునందు సిల్వియా గార్డ్నర్ అను శాస్త్రజ్ఞురాలు మూత్రపిండము పొందిన యొక రోగి మూత్రమున కనిపెట్టెను. ఆ రోగి నామాక్షరములే దాని పేరైనవి. వైద్యుని కనుదృష్టి తేల్చలేని ఈ తగవును తీర్చు ధర్మాసనమే ప్రయోగశాల.

ఆ ధర్మాసనమెట్లు పనిచేయును? మొదటి మార్గము కణములందు వైరసును పెంచుట. గాజుపాత్రలో మానవకణములను సాకి, వానిపై రోగినుండి తెచ్చిన ద్రవమును వేసి, కణము లుబ్బునా లేదాయని దినదినము సూక్ష్మదర్శినితో చూతురు. మార్గము నమ్మదగినదే, కాని సైటోమెగాలో వైరసు మందగామి. ఫలితమునకు రెండు మూడు వారములు పట్టవచ్చును. అంతలో రోగి పరిస్థితి విషమించును. 1980 తరువాత పాత్రను వేగముగా త్రిప్పి వైరసును కణములలోనికి ఒత్తి, తొలిదశ మాంసకృత్తులను మెరయు రంగుతో గుర్తించి, ఒకటి రెండు దినములలో ఫలితము దెలుపు పద్ధతి వచ్చెను.

రెండవ మార్గము శత్రువును గాక, శత్రువుపై దేహము తయారుచేసిన యాంటీబాడీలను వెదకుట. 1971లో వెలువడిన ఎలైజా పరీక్ష యిట్టిదే. ఐజీజీ యున్నచో పాతపరిచయమనియు, ఐజీఎం ఉన్నచో క్రొత్తగా సోకియుండవచ్చుననియు నూహింతురు. దాతను, గ్రహీతను పోల్చుటకు ఇది సాటిలేనిది. శస్త్రచికిత్స పిమ్మట మాత్రము దీనిని నమ్ముకొనరాదు. ఏలయన, మత్తులోనున్న సైన్యము ఆయుధములను వేళకు చేయజాలదు. ఆయుధము లేదని శత్రువు లేడనుట తగదు.

మూడవది 1988లో నెదర్లాండ్సు దేశమున వెలువడినది. నెత్తురులోని తెల్లకణములను గాజుపలకపై పరచి, పీపీ 65 అను వైరసు మాంసకృత్తు ఎన్ని కణములందున్నదో లెక్కించుట. మొట్టమొదటిసారిగా వైద్యునకు ఉన్నది లేదను మాట గాక ఎంతయను సంఖ్య సులభముగా దొరకెను. కాని నెత్తురు తీసిన కొలది గంటలలోనే ఈ పని ముగియవలెను. తెల్లకణములు తగ్గిపోయిన రోగులయందు లెక్క నిలువదు.

నాలుగవది, నేడు రాజ్యమేలుచున్నది, పాలిమరేజ్ చైన్ రియాక్షన్, సంక్షేపముగా పి.సి.ఆర్. 1983లో కారీ మలిస్ దీనిని భావించెను. 1993లో నోబెల్ బహుమానమందెను. సీతను వెదకబోవు హనుమంతునకు శ్రీరాముడు ముద్రిక నిచ్చినట్లు, ఇందు వైరసు వంశలిపిలోని యొక తునకకు మాత్రమే అతుకు చిన్న గురుతులను తయారుచేతురు. ద్రవమును సుమారు 95 డిగ్రీలకు వేడిచేయగా వంశలిపి రెండుపేటలును విడిపోవును. చల్లార్చగా గురుతులు తమ చోటున నతుకును. మరల 72 డిగ్రీలకు దెచ్చినచో ఎంజైము క్రొత్తపేటను అల్లును. ఒకటి రెండగును. ముప్పది ఆవృత్తులు గడచునప్పటికి, లోపము లేక నడచినచో, ఒక్కటి 1,07,37,41,824 అగును. వేడికి చెడని ఆ ఎంజైము అమెరికాలోని యెల్లోస్టోన్ ఉష్ణకుండములందు టామస్ బ్రాక్ కనిపెట్టిన సూక్ష్మజీవినుండి వచ్చినది. వేడినీటి బుగ్గలోని యే ప్రయోజనము లేని వస్తువని తలచిన జీవి లోకమున కింత యుపకారము చేసెను! 2020లో కరోనా మహమ్మారినాడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షయు దీని రూపాంతరమే.

ఆవృత్తి ఆవృత్తికిని మెరయు వెలుగును యంత్రము కొలుచును. వెలుగు త్వరగా వచ్చినచో వైరసు హెచ్చు, ఆలస్యమైన తక్కువ. వైరసు పదిరెట్లు హెచ్చిన, వెలుగు సుమారు మూడు ఆవృత్తులు ముందుగా వచ్చును. కాని చాలకాల మొక లోపముండెను. ఒక్క రక్తమునే రెండు ప్రయోగశాలలకు బంపిన రెండు సంఖ్యలు వచ్చెడివి. ఒక్కొక సీమలో ఒక్కొక కుంచముండిన నాటి ధాన్యపు లెక్కవలె నుండెను. 1956 నాటి చట్టము దేశమంతటికి కిలోగ్రామును, లీటరును దెచ్చినట్లు, 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సైటోమెగాలో వైరసునకు అంతర్జాతీయ ప్రమాణమును నెలకొల్పెను. అప్పటినుండి లెక్కలు దగ్గరపడినవి, పూర్తిగా కలియలేదు. కనుక రోగి యొక్క ప్రయోగశాలయందే పరీక్షింపించుకొనుట శ్రేయము. మూడురెట్లకు లోబడిన హెచ్చుతగ్గులను మార్పని యెంచరాదు. ఒక్కనాటి చిట్టా చూచి సంసారపు స్థితి తేల్చరాదు. వారము వారము ఆవర్జా పోల్చిచూడవలెను.

ఫలితమును చదువుటయందును వివేకము గావలెను. వైరసున్నదన్నంతనే వ్యాధియున్నదని కాదు. సోకుట వేరు, బాధించుట వేరు. పాలను నీళ్లను వేరుచేయు హంసవలె వైద్యుడు రోగిని, కాగితమును కలిపి చూడవలెను. స్థాలీపులాక న్యాయమును ఇచ్చట అన్నివేళల చెల్లదు. ప్రేగులను వైరసు తినివేయుచున్నను నెత్తురులో జాడలేకపోవచ్చును. అప్పుడు ప్రేగునుండి చిన్నముక్క తీసి పరీక్షింపవలెను. ఒక్క తునకను కోట్లకు బెంచు పరీక్ష గనుక, ప్రక్కబుడ్డినుండి ఎగిరిన తుంపురైనను అబద్ధపుసాక్ష్యము చెప్పును. అందుచేతనే మంచి ప్రయోగశాలలు కలుపు గదిని, పెంచు గదిని వేరుచేయును. వైరసులేని నీటిని, వైరసున్న ద్రవమును గూడ ప్రతిసారి సాక్షులుగా నిలుపును.

అన్నిటికంటె ముఖ్యమైన పరిమితి యింకొకటి. ప్రయోగశాల అడిగిన ప్రశ్నకే బదులు చెప్పును. 2004లో అమెరికాయందు ఒక దాత కాలేయమును, రెండు మూత్రపిండములను ముగ్గురకు, రక్తనాళపు ముక్కను నాలుగవవానికి అమర్చిరి. నలువురును పిచ్చికుక్క వ్యాధియగు రేబీసుతో మరణించిరి. దాతను గబ్బిలము కరచినదని పిమ్మట తెలిసెను. ఆ ప్రశ్న ముందుగా నెవరికి దోచలేదు. కుక్కకాటైనను, చెప్పుకొనుటకు సిగ్గైన పూర్వవ్యాధియైనను, దాత కుటుంబము దాచక చెప్పుట యెంతటి ధర్మమో దీనివలన విదితమగును.

జాడ తెలిసిన పిమ్మట చికిత్స కలదు. సైటోమెగాలో వైరసునకు గాన్‌సైక్లోవిర్ 1989లో అనుమతి పొందెను. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ అనువారి ప్రయోగశాలయే కావలిని శాంతింపజేయు అజాథయోప్రినును, హెర్పిసు వైరసులనణచు అసైక్లోవిరును గూడ లోకమున కిచ్చెను. తాళము దీసిన చేతులే గడియ వేయుటయు నేర్పినవి. ఎముకలలోని మూలుగను మార్చునప్పుడు వాడు మెథోట్రెక్సేటు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలయందు తయారైనది. తెలుగువారికి ఇది గర్వకారణము, అంతకుమించి బాధ్యత.

ఇంతకును గ్రామస్థుల కర్తవ్యమేమి? అవయవము పొందిన బంధువు ఒంటికి బాగుగా నున్నదని పరీక్షలు మానబోయిన, అడ్డుపడవలెను. బాగుగా నున్నప్పుడే పరీక్షింపించుట ఇందలి రహస్యము. మందులు తమంతట తాము హెచ్చుతగ్గులు చేయరాదు. స్వల్పజ్వరమైనను వైద్యునకు చెప్పవలెను. పరీక్షాపత్రములను తేదీలవారీగా ఒక్కచోట కుట్టియుంచవలెను. కోతల కాలమున ప్రయాణము కుదరదనువానికి ఒకదినము కూలికి వెళ్లి తోడ్పడుట పొరుగువాని ధర్మము. అవయవము నిచ్చినది తల్లియైనను, దానిని నిలుపవలసినది ఊరంతయు.

ఇరువదియైదు వత్సరములుగా ఈ గ్రంథాలయము అజ్ఞానమను అంతఃశత్రువును వెదకి చూపు ప్రయోగశాలయై వెలసినది. ఇచ్చటి బల్లపై పురాణముల ప్రక్కన ఆరోగ్యశాస్త్ర గ్రంథములును చిరకాలము నిలుచుగాక! చదువువారు పెరుగుదురుగాక!

స్వస్తి.