రాకా రాయాలి, పోకా రాయాలి

(సైబర్ భద్రతా అవగాహన మాసం సందర్భంగా ఖరగ్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా అంశం ‘ఫైర్‌వాల్‌లో సెషన్ లాగింగ్’ అని బోర్డు మీద రాయగానే, ముందు వరసలోని ఒక అమ్మగారు “మాకెందుకు బాబూ ఇది?” అన్నారు. సబబైన ప్రశ్నే. ఆ జవాబే ఈ పూట నా ప్రసంగం.

ఇది రైలు ఊరు. బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులోనూ లైను మీదా పనిచేసినవారి పిల్లలూ మనవలూ ఈ హాల్లో ఉన్నారు. స్టేషన్ మాస్టరు బల్ల మీద ఉండే రిజిస్టరు గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏ బండికి ఎప్పుడు లైన్ క్లియర్ దొరికింది, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది, అన్నీ నిమిషాలతో సహా అందులో ఉంటాయి. బండిలో ఎవరు ఏం మాట్లాడుకున్నారన్నది మాత్రం ఉండదు.

బ్యాంకు నెట్‌వర్క్‌కు ఫైర్‌వాల్ అలాంటి స్టేషన్. ఒక కంప్యూటరు బయటి కంప్యూటరుతో కలిసి, పని ముగించుకుని విడిపోయేదాకా ఉన్న ఆ ఒక్క కలయికే సెషన్. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ నియమం కింద, ఎంతసేపు, ఎంత డేటా అని రాసుకోవడమే సెషన్ లాగింగ్. అది ఉత్తరం విప్పి చదవదు, కవరు మీది చిరునామా మాత్రం రాసుకుంటుంది.

ఇందులో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. చాలా ఏళ్ల కిందట, వేరే ఊళ్లో పనిచేస్తున్నప్పటి సంగతి. ఒక శాఖలోని కంప్యూటరు నుంచి ముక్కూ ముఖం తెలియని చిరునామాకు డేటా వెళ్లిందని మాకు కబురొచ్చింది. లాగ్‌లో సమయం సాయంత్రం 6 గంటల 10 నిమిషాలు. ఆ వేళ ఆ కుర్చీలో ఉన్నది కొత్తగా చేరిన ఒక కుర్రాడు. వాళ్ల నాన్నగారు రైల్వేలో ఖలాసీగా చేసి రిటైరయ్యారు. “సార్, నేనేమీ తెరవలేదు” అని ఒకటే మాట. మూడు రోజులు అతనితో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఇంట్లో అన్నం సయించడం లేదని తర్వాత తెలిసింది.

మూడో రోజు రాత్రి నేను ఆ లాగ్‌ను మళ్లీ మొదటి నుంచి చదివాను. పక్క గడిలో సెషన్ ఎంతసేపు నడిచిందో ఉంది: 4 గంటల 20 నిమిషాలు. అంటే 6.10 అన్నది సెషన్ ముగిసిన సమయం. అది మొదలైంది మధ్యాహ్నం 1.50కి. ఆ కుర్రాడు ఆ సీటుకు వచ్చిందే మూడు దాటాక. భోజన విరామంలో ప్రింటరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, దూరం నుంచి సాయం తీసుకునే సాఫ్ట్‌వేర్ వేసి, మూయకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం కంప్యూటరు ఆపేదాకా ఆ దారి తెరిచే ఉంది. ఖాతాదారుల సమాచారం ఏదీ పోలేదు. కానీ ఆ దారి తెరిచి ఉంచే నియమం మాది. డిస్కు త్వరగా నిండిపోతోందని, సెషన్ మొదలైనప్పుడు రాయడం ఆపేసి, ముగిసినప్పుడు మాత్రమే రాసేలా పెట్టింది నేను. నేను తీసేసిన ఒక్క టిక్కు ఒక నిజాయితీపరుడికి మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. మర్నాడు అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పాను.

పోయిన సమయమే రాస్తే, ఇప్పుడు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్న బండి పుస్తకంలో కనబడదు. అందుకే ముఖ్యమైన నియమాలకు రాకా రాయాలి, పోకా రాయాలి. అన్నిటికీ రెండూ రాస్తే లాగ్ రెట్టింపవుతుంది కనుక, రోజూ వేలసార్లు జరిగే మామూలు పనులకు పోక ఒక్కటీ చాలు. ఎంత డేటా వెళ్లిందో, ఎందుకు ముగిసిందో అందులోనే తెలుస్తుంది. ఇక లోపలికి రానివ్వని బండికి పోక అంటూ ఉండదు. కాబట్టి తిరస్కరించే నియమానికి మొదట్లోనే రాయించాలి. చాలా ఫైర్‌వాల్‌లలో చిట్టచివరి ‘అన్నీ నిరాకరించు’ నియమం మనం చెప్పనిదే ఏమీ రాయదు. తలుపు ఎవరు తట్టారో తెలియకుండా పోయేది అక్కడే.

మరో రెండు మాటలు. గడియారం సరిగ్గా ఉండాలి. రెండు స్టేషన్ల గడియారాలు కలవకపోతే రిజిస్టరుకు విలువేముంది? 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో గడియారాలన్నీ ప్రామాణిక సమయంతో కలపాలనీ, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలనీ, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలనీ ఉంది. రెండోది, లాగ్‌ను వేరే యంత్రంలో దాచాలి. 2016 ఫిబ్రవరిలో మన పొరుగున బంగ్లాదేశ్ బ్యాంకు నుంచి 8.1 కోట్ల డాలర్లు దోచినవాళ్లు, అక్కడి కంప్యూటర్లలోని లావాదేవీల ఆనవాళ్లను చెరిపే ప్రోగ్రామునూ వెంట తెచ్చుకున్నారు. దొంగ చేతికి అందే చోట సాక్షిని కూర్చోబెట్టకూడదు.

అమ్మా, మీ ప్రశ్నకు ఇదే జవాబు. లాగ్ అంటే మీవాళ్లను అనుమానించడానికి పెట్టిన కాపలా అనుకోకండి. రేపు ఎవరైనా మీ అబ్బాయి వైపో, మీ కోడలి వైపో వేలు చూపిస్తే, వాళ్ల తరఫున మాట్లాడేది ఆ నాలుగు అంకెలే. వాటిని సరిగ్గా రాయించడం మా పని. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికొచ్చినప్పుడు పిల్లల చేతికి ఇవ్వకపోవడం మీ పని. దాంట్లో ఎవరు ఏం నొక్కినా పడేది మీవాళ్ల పేరే కదా.