అనుమతి వేరు, హక్కు వేరు: ఒక స్త్రీల కర్మాగారం చరిత్ర

(పని హక్కుపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కార్లకు, విమానాలకు ఇంజన్లు, విడిభాగాలు తయారుచేసే కంపెనీ అనగానే మన కళ్ళముందు మగవాళ్ళే మెదులుతారు. ఇనుము, నూనె మరకలు, యంత్రాల మోత మగవాళ్ళ ప్రపంచమని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. అలాంటి పనులన్నీ స్త్రీలే చేసిన ఒక కర్మాగారం గురించి ఈరోజు మాట్లాడతాను. అది మన దేశంలోది కాదు. కాని అది లేవనెత్తే ప్రశ్నలు మనవే.

స్కాట్లండ్ నైరుతి మూల టంగ్లండ్ అనే ఊళ్ళో, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో గాలోవే ఇంజనీరింగ్ కంపెనీ కర్మాగారం వెలిసింది. ఆరల్-జాన్‌స్టన్ అనే కార్ల కంపెనీకి ఇది అనుబంధ సంస్థ. యుద్ధం జరిగినంతకాలం విమాన ఇంజన్ల పని చేసింది. యుద్ధం ముగిశాక 'గాలోవే' అనే చిన్న కారు తయారుచేసింది. పనివాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. దాన్ని నడిపినది కూడా ఒక స్త్రీయే, డొరొతీ పులింజర్.

డొరొతీ 1894లో ఫ్రాన్స్‌లో పుట్టింది. ఆరల్-జాన్‌స్టన్ కంపెనీ నడిపే తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. 1914లో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థలో సభ్యత్వానికి దరఖాస్తు చేస్తే, నిబంధనల్లో 'వ్యక్తి' అన్నచోట పురుషుడనే అర్థమని చెప్పి తిప్పి పంపారు. అంతలో యుద్ధం వచ్చింది. బారో పట్టణంలోని వికర్స్ ఆయుధ కర్మాగారంలో సుమారు 7,000 మంది స్త్రీల పని పర్యవేక్షణ ఆ 'వ్యక్తి' కాని మనిషికే అప్పగించారు!

టంగ్లండ్‌లో ఆడపిల్లలను అప్రెంటిస్‌లుగా చేర్చుకున్నారు. మగపిల్లలకు అయిదేళ్ళు పట్టే శిక్షణను వీళ్ళకు మూడేళ్ళకే కుదించారు, త్వరగా నేర్చుకుంటారని. దాన్ని స్త్రీల ఇంజనీరింగ్ కాలేజీగా కూడా తీర్చిదిద్దాలనుకున్నారు. ఇక్కడ వర్గం సంగతి మరిచిపోకూడదు. డొరొతీకి తండ్రి హోదా అండగా ఉంది. ఆమె పేరు చరిత్రకెక్కింది. ఆమెతోపాటు లేత్ మిషన్ల ముందు నిలబడ్డ ఆడపిల్లల పేర్లు మనదాకా రాలేదు.

ఈ స్త్రీలు పని చేయగలరా అన్న ప్రశ్నకు యుద్ధమే జవాబు చెప్పింది. మరి ఆ పని వాళ్ళ చేతుల్లో ఎందుకు నిలవలేదు? దానికి కారణం వాళ్ళు పనిలో చేరకముందే రాసుకున్న కాగితాల్లో ఉంది. 1915 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం, కార్మిక సంఘాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. నైపుణ్యం గల పనివాడి పనిని ముక్కలుచేసి స్త్రీలకు, శిక్షణలేని పనివాళ్ళకు ఇవ్వడానికి సంఘాలు ఒప్పుకున్నాయి. దీనికి వాళ్ళు పెట్టిన పేరు 'డైల్యూషన్', అంటే పలుచన చేయడం. స్త్రీ చెయ్యి పడితే పని పాలల్లో నీళ్ళు కలిపినట్టవుతుందన్నమాట! బదులుగా, యుద్ధం ముగియగానే అన్నీ పాత పద్ధతికి తెస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ చర్చలకు స్త్రీ కార్మికుల సంఘాలను పిలవనేలేదు.

1919లో యుద్ధపూర్వ పద్ధతుల పునరుద్ధరణ చట్టం ఆ మాటను నిలబెట్టింది. ఇంజనీరింగ్ కర్మాగారాల్లోంచి స్త్రీలు పెద్దఎత్తున బయటికి రావలసివచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మరో చట్టం స్త్రీలకు న్యాయవాద వృత్తిలాంటి వాటి తలుపులు తెరిచింది. చదువుకున్న కొద్దిమందికి ఒక తలుపు తెరుచుకుంటుంటే, చేతిపని నేర్చిన వేలమందికి ఇంకో తలుపు మూసుకుపోయింది.

టంగ్లండ్ మరికొన్నేళ్ళు నిలదొక్కుకుంది. మార్కెట్ మాంద్యం దెబ్బతీయడంతో 1923లో కారు తయారీని డంఫ్రీస్ దగ్గరి హీత్‌హాల్‌కు తరలించారు. 1928కల్లా ఆ కారే ఆగిపోయింది. మగవాళ్ళ ఉద్యోగం లాక్కుందన్న మాటలు పడలేక డొరొతీ ఇంజనీరింగ్ వదిలి లండన్ పక్క క్రాయిడన్‌లో ఆవిరి యంత్రాల లాండ్రీ పెట్టింది. అక్కడా యంత్రాలే, అదే పరిజ్ఞానం. అయితే బట్టలుతకడం ఆడపని కాబట్టి ఎవరూ అభ్యంతరపెట్టలేదు.

మన దగ్గరికి వద్దాం. 1948 కర్మాగారాల చట్టంలోని 66వ సెక్షన్ స్త్రీలు రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా కర్మాగారాల్లో పనిచేయకూడదంది. రక్షణకోసమన్నారు. ఆసుపత్రుల్లో నర్సులు తెల్లవార్లూ పనిచేస్తుంటే మాత్రం ఏ రక్షణా గుర్తుకు రాలేదు. 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. నిషేధం పోవడం మంచిదే. కాని రాత్రి ఇంటికి చేర్చే బస్సు, బిడ్డను ఉంచే శిశుగృహం, వేధిస్తే ఫిర్యాదు వినే కమిటీ లేకపోతే అది కాగితంమీది అనుమతిగానే ఉంటుంది.

హైదరాబాదు పక్కన ఆదిభట్లలో ఇవాళ విమాన, హెలికాప్టర్ భాగాలు తయారవుతున్నాయి. ఇలాంటి చోట్ల ఆడపిల్లలకు శిక్షణ ఇస్తామని ఏ కంపెనీ ముందుకొచ్చినా సంతోషిద్దాం. సంతోషిస్తూనే అడుగుదాం. శిక్షణ అయ్యాక ఉద్యోగం పర్మినెంటా, కాంట్రాక్టా? ఒకే మిషన్‌మీద ఆడామగా పనిచేస్తే జీతం ఒకటేనా? ప్రసవానికి వెళ్ళి వచ్చిన అమ్మాయికి అదే మిషన్ ఇస్తారా, ప్యాకింగ్‌లోకి మారుస్తారా? ఆర్డర్లు తగ్గితే ముందు ఎవరిని పంపుతారు? యాజమాన్యంతో యూనియన్ మాట్లాడేటప్పుడు ఆ బల్ల దగ్గర స్త్రీలెంతమంది?

1915లో ఆ బల్ల దగ్గర మనవాళ్ళు లేరు. ఇప్పటి ఒప్పందాలు రాసేటప్పుడు మనం ఉండాలి. సంఘాలుగా మనం పెట్టుకోవలసిన పని ఇదే.